దారి చెప్పే పెట్టె గొంతు

ఇరవై ఏళ్లు స్పీకర్లకు కాగితం వేసి బతికాను. మొదటి పదేళ్లు నంద్యాలలో మస్తాన్ సాబ్ దుకాణంలో, తర్వాతి పదేళ్లు ఆళ్లగడ్డ బస్టాండు వెనక నా సొంత చిన్న బంకు కొట్టులో. నేను చదివింది నాలుగో తరగతి. ఐటీఐ చదివే ఇద్దరు ఆడపిల్లలు మొన్న ఇంటికి వచ్చి, కార్లలో సౌండు బిగించే పనిలోకి పోతున్నాం, నీకు తెలిసింది చెప్పు అవ్వా అన్నారు. నోటితో చెబితే సగం మరిచిపోతారని రాస్తున్నాను. కాగితం ఎక్కువైందని నన్ను అనొద్దు. ఇది మా మనవరాలు పారేసిన నోటుబుక్కులో మిగిలిన కాగితమే.

పని ఏమిటంటే

స్పీకరంటే ఇనుప గిన్నెలో పెట్టిన కాగితపు గరాటు. గరాటు మొదట్లో వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్టిన కాయిలు ఉంటుంది. అయస్కాంతం నడుమ ఉన్న సందులో అది ఎక్కడా ఒరుసుకోకుండా ముందుకూ వెనక్కూ ఆడాలి. ఆ ఆటే మనకు వినబడే పాట. జీపుల వాళ్లు సౌండు పెంచి పెంచి కాయిలు కాల్చేసేవాళ్లు. ఎలుకలు కాగితం కొరికేవి. వానకు కాగితం ఉబ్బేది. అవన్నీ మా బల్ల మీదికి వచ్చేవి.

పాత కాగితం కోసి తీయాలి. సందులో ఇనుప రజను ఉంటే, టేపును జిగట బయటికి వచ్చేలా మడిచి, అద్ది అద్ది తీయాలి. కొత్త కాయిలు దింపి, చుట్టూ ఎక్స్‌రే ఫిల్ము ముక్కలు నాలుగు దోపి, కాయిలు నట్టనడుమ నిలబడ్డాక జిగురు వేయాలి. ఆరే దాకా చెయ్యి పెట్టకూడదు. అరగంట ఓపిక లేనివాళ్లు ఈ పనికి రావద్దు. ఫిల్ము కొనేవాళ్లుంటారు. నేను ఏనాడూ కొనలేదు. ఆసుపత్రి వాళ్లు పారేసినవి అడిగి తెచ్చుకొని, ఎవరివో పక్కటెముకలు సన్నగా కత్తిరించి వాడుకున్నాను.

మస్తాన్ సాబ్

సాబ్ దుకాణానికి నేను పోయింది ఊడ్చడానికి. అంతకు ముందు మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి పోయేదాన్ని. నా వేళ్లు చూసి, చీపురు పక్కన పెట్టు, ఈ తీగ చుట్టు అన్నాడు. ఆడమనిషి చేత ఆ పని చేయించడం చూసి పక్క దుకాణాల వాళ్లు నవ్వారు. ఆయన తీగ చుట్ట తెచ్చి నా ముందు పెట్టాడు.

ఆయన తిట్టేవాడు కాదు. తప్పు చేసినవాళ్లను తీసుకుపోయి ఆ తప్పు పక్కన కూర్చోబెట్టేవాడు. నాకూ ఒకసారి అయింది. బండి ఆత్మకూరు జీపు డ్రైవరు ఒకాయన, ఈసారి చిరగని కాగితం వెయ్యమ్మా అన్నాడు. గట్టిగా ఉండాలని అట్టలాంటి మందపు కాగితం వేశాను. బల్ల మీద పెట్టి వింటే గుండె అదిరింది. నాకు నేనే మెచ్చుకున్నాను. నాలుగు రోజులకు ఆయన తిరిగి వచ్చి, డోలు వినపడుతుంది గాని పాట వినపడదన్నాడు. నీ జీపుదే మోత, నా స్పీకరుది కాదు అని గట్టిగా తగులుకున్నాను.

సాబ్ లోపలి నుంచి వచ్చి ఒకే మాట అన్నాడు. “మార్తమ్మా, ఆ జీపులో మహానంది దాకా పోయిరా.”

సోమవారం. జీపు నిండా యాత్రికులు. నేను వెనక, స్పీకరు కింద, ఒకరి ఒడిలో సగం కూర్చున్నట్టు కూర్చున్నాను. పోయి వచ్చేలోపు ఒక్క పాటలో ఒక్క మాట అర్థం కాలేదు. దుకాణానికి వచ్చాక సాబ్ ఏమీ అడగలేదు. నేనే కత్తి తీసుకొని మందపు కాగితం కోసేసి పలచటిది వేశాను.

ఆ రోజు రెండు సంగతులు నేర్చుకున్నాను. మాట అనేది సౌండులో సన్నటి, గీసినట్టుండే భాగంలో ఉంటుంది. దబ్బు దబ్బుమనే భాగంలో ఉండదు. సౌండు పెంచితే దబ్బు పెరుగుతుంది, మాట మునిగిపోతుంది. రెండోది, బల్ల మీద విన్నది విన్నట్టు కాదు. ఎవరు వింటారో వాళ్ల సీట్లో కూర్చొని వినాలి. అంత మంచి గురువు దొరకడం నా అదృష్టం. ఆయనలో నాకు నచ్చనిది ఒకటుంది. విరిగిన మేకు కూడా పారేయనిచ్చేవాడు కాదు. ఆ గుణం ఇప్పుడు నాలో ఉందని మా కోడలు అంటుంది.

బొట్లు పెట్టిన పెట్టె

ఆళ్లగడ్డలో సుబ్బరాయుడు అని ఒకాయన అద్దె కార్లు తిప్పేవాడు. అహోబిలం యాత్రికులను తిప్పడం, జబ్బు చేసినవాళ్లను బెంగళూరు ఆసుపత్రులకు తీసుకుపోవడం ఆయన వ్యాపారం. రెండువేల సంవత్సరం దాటిన ఏడెనిమిదేళ్లకు ఆయన దారి చెప్పే పెట్టె ఒకటి తెప్పించాడు. అరచేతి అంత ఉంటుంది. ముందర అద్దంలో దారి బొమ్మ కనపడుతుంది. ఒక ఆడగొంతు లెఫ్టు, రైటు అని చెబుతుంది. ఆకాశంలో తిరిగే యంత్రాలను అడిగి మనం ఎక్కడున్నామో తెలుసుకుంటుందట. నాకు దాని మీద చాలా గౌరవం కలిగింది. దాని తెలివిని చూసి కాదు, ఓర్పును చూసి. చెప్పిన మలుపు మనం తప్పినా తిట్టదు. అక్కడి నుంచి కొత్తదారి వెతుకుతుంది. సాబ్ తర్వాత అంత ఓర్పు నేను చూడలేదు.

దసరా అయిన వారానికి సుబ్బరాయుడు దాన్ని నా బంకుకు తెచ్చాడు.

“అక్కా, పండగ దాకా బాగా మాట్లాడింది. ఇప్పుడు గొంతు పట్టినట్టుండాది.”

వెనక్కి తిప్పి చూశాను. వీపు నిండా గంధం, మూడు కుంకుమ బొట్లు. ఆ పెట్టెకు స్పీకరు ఉండేది వీపులోనే. సన్న సన్న రంధ్రాలు. అన్నీ మెత్తినట్టు పూడిపోయాయి.

“బొట్లు ఎవరు పెట్టినారు?”

“ఆయుధపూజకు బండితో పాటు దీనికీ చేయించినాం. ముందర పెడితే అద్దం ఖరాబైతాదని ఎనక పెట్టించినా.”

“దాని నోట్లో పెట్టించినావప్పా.”

“నోరు ఈపులో ఉంటాదని ఎవరికి తెలుసక్కా?” అని ఆయనే నవ్వాడు.

ఇది మీరు కూడా చూస్తారు. మన దగ్గర కొత్త వస్తువుకు బొట్టు పెట్టకుండా ఎవరూ వాడరు. అటువంటప్పుడు నోటితో ఊదవద్దు. ఉమ్మి తడి పడుతుంది, పొడి ఇంకా లోపలికి దిగి కాగితానికి అంటుకుంటుంది. పెట్టెను బోర్లా పట్టుకొని, పొడి కింద రాలేటట్టు పాత పళ్ల బ్రష్షుతో మెల్లగా గీకాలి. నేను చర్చికి పోయేదాన్ని. అయినా రాలిన గంధం, కుంకుమ కాగితంలో పట్టి మడిచి సుబ్బరాయుడి చేతికే ఇచ్చాను. ఎదుటివాళ్లు దేవుడికి పెట్టినదాన్ని మన చెత్తబుట్టలో వేయకూడదు.

ఇంకొక చిట్కా. వీపులో స్పీకరు ఉన్న పెట్టెను కారు అద్దానికి మరీ ఆనించి పెట్టకండి. నాలుగు వేళ్ల ఎడం వదిలితే సౌండు అద్దానికి తగిలి మన వైపు తిరిగి వస్తుంది. కొత్త వస్తువని దాని మీది ప్లాస్టిక్కు తొడుగు తీయనివాళ్లు ఉంటారు. ముందు అది తీయించండి. వీటికి ఖర్చు లేదు. ఖర్చు లేనివి అన్నీ చేసి చూశాకే కొత్త సామాను మాట ఎత్తాలి.

గొంతు శుభ్రంగా వచ్చింది. పని అయిపోయిందనుకున్నాను.

నేను అన్న మాట

ఆ కారు తోలే అతని పేరు ఓబులేసు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. లారీ మానుకున్నాక వయసైందని ముగ్గురు నలుగురు ఓనర్లు పని ఇవ్వలేదు. సుబ్బరాయుడు ఇచ్చాడు. ఆ స్టీరింగు తప్ప అతనికి వేరే ఆధారం లేదు. ఇంట్లో భార్య పత్తి ఏరడానికి పోయేది.

అంతవరకు అతను తిప్పింది తెలిసిన అహోబిలం దారే. పెట్టె బాగుచేసిన తర్వాత అతను ఒక పెద్దాయనను బెంగళూరు తీసుకుపోయాడు. కిడ్నీలు పాడై, మిషను మీద రక్తం శుద్ధి చేయించుకునే మనిషి. పెట్టె చెప్పిన రెండు మలుపులు తప్పిపోయి, గంట ఆలస్యంగా చేరారు. ఆ పూట ఆయన వరస వేరేవాళ్లకు ఇచ్చేశారు. సుబ్బరాయుడు పెట్టెను మళ్లీ నా దగ్గరికి తెచ్చాడు.

ఈసారి నేను పెట్టె నుంచి తీగ లాగి కారు పాటల పెట్టెకు కలిపాను. క్యాసెట్టు లాగే ఉండి తోకకు తీగ ఉండే వస్తువు ఒకటి దొరికేది. దాన్ని దోపితే సరిపోతుంది. దారి మాట ఇప్పుడు కారు స్పీకర్లలో వస్తుంది. ఆ కారుకు స్పీకర్లు రెండే, వెనక సీటు తల దగ్గర. డ్రైవరు సీట్లో కూర్చొని విన్నాను. ప్రతి మాటా వినపడింది.

తర్వాతి ప్రయాణం ఇంకా అధ్వానం. ఓబులేసు సౌండు పెంచితే వెనక పడుకున్న పెద్దాయన తల పగిలిపోతోందన్నాడు. తగ్గిస్తే మలుపు తప్పాడు. దానికి తోడు ఇంజను వేగం పెరిగేకొద్దీ స్పీకర్లలో దోమ పాడినట్టు మోత. పెట్టెకు కరెంటు కారు సాకెట్టు నుంచే వస్తుంది గనక ఆ మోత తీగ వెంబడి వచ్చేది.

సుబ్బరాయుడు ఓబులేసును వెంటబెట్టుకొని వచ్చి, అతని ముందే అడిగాడు. “అక్కా, నిజం చెప్పు. లోపం పెట్టెలో ఉండాదా, మనిషిలో ఉండాదా?”

నా పనిని అనుమానించినట్టు అనిపించింది. రోషం వచ్చింది. “పెట్టె బాగుండాది. నీ డ్రైవరుకే ధ్యాస లేదు” అన్నాను.

సుబ్బరాయుడు అతని వైపు తిరిగి, ఇంకొక్క ప్రయాణం చూస్తా, మళ్లీ తప్పితే తాళాలు ఇచ్చి ఇంటికి పో అన్నాడు. ఓబులేసు నేల చూస్తూ నిలబడ్డాడు.

ఇరవై ఏళ్లలో నేను కాల్చిన కాయిళ్లు చాలా ఉన్నాయి. అతుకు తప్పి ఊడిపోయిన కాగితాలు ఉన్నాయి. వాటికి ఇంకొకటి వేస్తే సరిపోయేది. ఈ తప్పు అట్లాంటిది కాదు. నాకు తెలియని సంగతి మీద తీర్పు చెప్పి ఒక మనిషి కూటికి ఎసరు పెట్టాను.

టిక్కు టిక్కు

రెండు రోజులకు ఓబులేసు ఒక్కడే కారు తీసుకొని వచ్చాడు. ఆ తీగ తీసెయ్యక్కా, పాత మాదిరి పెట్టు, వెనక వాళ్లకు ఇబ్బందిగా ఉంది అన్నాడు. నేను ఎడమ పక్క సీట్లో కూర్చున్నాను. అతను స్టీరింగు ముందు కూర్చొని రోడ్డు చూస్తున్నాడు. ఇంజను ఆపేసి ఉంది. వెనక స్పీకర్ల బదులు ముందర చిన్న స్పీకరు పెడితే ఎట్లా ఉంటుందోనని, నా సంచిలోంచి పాత మూడంగుళాల స్పీకరు తీశాను. అది బతికి ఉందో లేదో చూడాలి. దానికి మిషను అక్కర్లేదు. టార్చిలైటులో వేసే సెల్లు ఒకటి తీసుకొని రెండు తీగలు తాకిస్తే చాలు, మంచిదైతే టిక్కుమంటుంది.

టిక్కు టిక్కుమంది. గట్టిగానే. నా చేయి అతని ఎడమ చెవికి జానెడు దూరంలో ఉంది. అతను కన్ను కూడా కదల్చలేదు.

ఇంకో రెండుసార్లు తాకించాను. లేదు. కిందికి దిగి, కారు చుట్టూ పోయి, అతని కుడి కిటికీ దగ్గర మెల్లగా ఒక్కసారి తాకించాను. వెంటనే తిరిగాడు.

“ఏందక్కా అది?”

“ఓబులేసూ, ఎడమ చెవి ఎప్పట్నుంచి వినపడదు?”

“ఎవరు చెప్పినారు నీకు?”

“ఎవరూ చెప్పలా. ఈ స్పీకరు చెప్పింది.”

“పదకొండేండ్లు లారీ తోలినా. ఇంజను క్యాబిన్లోనే, ఎడమ తొడకానుకొని ఉంటాది. దినాం దాని పక్కనే. ఎప్పుడు పోయిందో నాకే తెల్దు.” చేతులు జోడించి అన్నాడు. “సుబ్బరాయుడన్నకు చెప్పొద్దక్కా. నీ కాళ్లు మొక్కుతా.”

“నా కాళ్లతో నీకేం పని. బండి తియ్.”

సాబ్ నేర్పినట్టు నేను వినేవాడి సీట్లో కూర్చొనే విన్నాను. కాని నా రెండు చెవులతో విన్నాను. అక్కడే బోల్తా పడ్డాను. ఒక్క చెవితో వినేవాళ్లకు సౌండు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. వెనక నుంచి మాట, గాలి, మనుషుల ముచ్చట్లు అన్నీ ఒకటే ముద్దగా వస్తాయి. సౌండు ఎంత పెంచినా ముద్ద పెద్దదవుతుంది, అంతే.

అహోబిలం రోడ్డు మీద పోనిమ్మన్నాను. అతనికి స్పీకరు పెట్టడం తర్వాత, అసలు ఈ మనిషి బండి తోలొచ్చా అన్నది ముందు నాకు తెలియాలి. తోలకూడదని నాకనిపిస్తే నేనే తాళాలు ఇప్పించేదాన్ని. ఎడమ పక్క కూర్చొని అతన్నే చూశాను. క్షణం ముందుకు చూస్తే, క్షణం ఎడమ అద్దం, క్షణం నడిమి అద్దం. ఒక్కసారి కూడా ఆ వరస తప్పలేదు. ఎడమ పక్కగా ఒక మోటారు సైకిలు దూసుకొచ్చింది. దాని చప్పుడు నా చెవిన పడేటప్పటికే ఓబులేసు దానికి దారి వదిలేశాడు. రెండు చెవులూ బాగున్న డ్రైవర్ల పక్కన చాలాసార్లు కూర్చున్నాను. ఇంత జాగ్రత్త ఎవరిలోనూ చూడలేదు. పోయిన చెవి పనిని కళ్లకు అప్పజెప్పి, ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి తోలాడు.

అప్పుడు నాకు మిగతాది కూడా అర్థమైంది. కళ్లకు అంత పని ఉన్నవాడికి పెట్టెలో బొమ్మ చూసే తీరిక ఎక్కడిది? పెట్టె మాట్లాడాల్సిందే. మాట్లాడితే కుడి పక్కనే మాట్లాడాలి.

బంకుకు వచ్చాక చెప్పాను. “నేను బిగిస్తా. కాని తాళాలు ఇచ్చినాయనకు నువ్వే చెప్పాల. నువ్వు చెప్పకుంటే నేను చెప్తా. రోగుల్ని కూర్చోబెట్టుకొని తోలే బండి ఇది.”

“చెప్తే పంపించేస్తాడు.”

“పంపించొచ్చు. నేను గూడా వస్తా.”

తల ఊపాడు. ఒప్పుకున్నాడని కాదు, వేరే దారి లేదని.

ఏం చేశానంటే, ఆ మూడంగుళాల స్పీకరుకు పలచటి గట్టి కాగితం వేశాను, దబ్బు అసలు పలకకుండా మాట మాత్రమే పలికేటట్టు. సీటు బెల్టు దిగే స్తంభానికి, అతని కుడి చెవి ఎత్తుకు, జానెడు దూరంలో బిగించాను. దాన్ని ఆడించే బలం పెట్టెకు చాలదు. పాడైపోయిన జేబు రేడియో ఒకటి విప్పి అందులోని ఆంప్లిఫయరు ముక్క మధ్యలో కలిపాను. ఆ ముక్కకు కరెంటు కారు నుంచి తీయలేదు. మూడు సెల్లులు పెట్టాను, దోమ పాట పోయింది. వెనక పడుకున్నవాళ్లకు చీమ చిటుక్కుమనదు. సౌండు మీట ఒకచోట నిలిపి జిగురు వేసేశాను. అంతకు మించి పెంచితే కుడి పక్క వచ్చే బండ్ల హారను మునిగిపోతుంది. చెవి దగ్గర పెట్టే స్పీకరుకు గట్టి సౌండు అక్కర్లేదు, దగ్గరితనం చాలు.

తాళాలు

సుబ్బరాయుడి షెడ్డుకు ఇద్దరం పోయాం. ముందు నేనే మాట్లాడాను. ధ్యాస లేదన్నది నా తప్పు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. తర్వాత ఓబులేసు చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పి, తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

సుబ్బరాయుడు వాటిని ముట్టుకోలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు అతని ముఖమే చూశాడు.

“అయితే, నేను ముందర నీ పక్కన కూసోని ఏమడిగినా పలక్కపోయేది...”

“వినపడకనేన్నా.”

“పొగరనుకున్నా గదప్పా, ఇన్ని దినాలు.”

ఆయన మంచివాడే గాని మెత్తనివాడు కాదు. నంద్యాలలో చెవి డాక్టరుకు చూపించుకొని రమ్మన్నాడు. కుడి చెవి గట్టిగా ఉంది, తోలొచ్చు అని డాక్టరు రాసిచ్చాక, బెంగళూరు ప్రయాణానికి ఓబులేసు చేత తోలిస్తూ తనూ బయలుదేరాడు, పరీక్షించడానికి. అదే పెద్దాయన, అదే ఆసుపత్రి. ఒక్క మలుపు తప్పలేదు. పెద్దాయన వరసకు ఇంకా అరగంట ఉండగానే చేరారు. తాళాలు తిరిగి ఓబులేసు జేబులోకే పోయాయి.

వారం తర్వాత పొద్దున్నే ఆ కారు మళ్లీ బెంగళూరు పోతూ నా బంకు ముందర ఆగింది. స్పీకరులో సెల్లులు మార్చమని. నేను మార్చి దిగాను. టీ తాగడానికి పోయిన సుబ్బరాయుడు తిరిగి వచ్చి ముందు తలుపు తీశాడు. ఆ సీటు ఎప్పుడూ ఆయనదే. ఓనరన్న వాడు మా ఊళ్లో వెనక కూర్చోడు. తలుపు పట్టుకొని కాసేపు నిలబడి మళ్లీ మూసేశాడు. చుట్టూ తిరిగిపోయి వెనక తలుపు తీసి, పెద్దాయనను కొంచెం ఎడమకు జరగమని, ఓబులేసు వెనకాల కుడి పక్కన కూర్చున్నాడు. ముందుకు వంగి అతని కుడి చెవి దగ్గర ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. ఓబులేసు నవ్వి, ఏదో జవాబు చెబుతూ బండి తీశాడు.